గొలుసు ప్రార్థనలో ఏంజెలిన్ గంట

లేపినందుకు స్తోత్రం. అనాల్సింది ఆ రెండు మాటలే. మొదటి మాట నువ్వు పలుకు, తర్వాతి సంగతి ప్రభువే చూసుకుంటాడని పాస్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఏంజెలిన్ నోరు తెరిచి చాలాసేపైంది. మాట రాలేదు, గొంతెండి దగ్గొచ్చింది. చర్చిలో ఇంకెవరూ లేరు. నెత్తిన రేకులు ఎండకి టపటపమంటున్నాయి, ఫ్యాను తిరుగుతోంది గానీ ఆ వేడి గాలినే కిందికి తోస్తోంది, మోకాళ్ళ కింద చాప అచ్చులు పడి నొప్పి పెడుతున్నాయి. ఇంతకుముందు గంట నాగులమ్మది. ఆమె లేస్తూ లేస్తూ వీపు మీద చెయ్యి వేసి, "నీదేమే ఇంక. దిగులు పడబాక. మీ ఆయన లేచి కూర్చున్నాడనే అనుకో, అనుకోని చెప్పు" అని వెళ్ళిపోయింది. అనుకోవాలట! అనుకోవడం అంత సులువైతే ఈ లోకంలో ఏడ్చేవాళ్ళెవరుంటారు తల్లీ.

ఈ సముద్రపు ఒడ్డు పల్లెలో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా సంఘంలోని ఆడవాళ్ళు గొలుసు కడతారు. గంటకొకరు వచ్చి ఈ చాప మీద మోకరించాలి, ఒకరు లేచేలోపు ఇంకొకరు వచ్చి కూర్చోవాలి, పగలనక రాత్రనక అది తెగకూడదు. ఈసారి గొలుసు ఏంజెలిన్ భర్త ఆనందబాబు కోసం. నెల్లూరు ఆసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టుకుని పడున్నాడు. ఈ గొలుసుకో కట్టుబాటుంది, ఇంకే సంఘంలోనైనా ఉందో లేదో తెలీదు: అడగకూడదు. దేవా, లేపు తండ్రీ అని అడిగావో, ఇంకా లేవలేదని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు, అది అవిశ్వాసం. లేపేశాడని నమ్మి, లేపినందుకు కృతజ్ఞత చెల్లిస్తూ కూర్చోవాలి. ఆ నమ్మకాన్ని పట్టుకుని గొలుసు మొదలుపెట్టింది ఏంజెలిన్ అత్త మగ్దలీనమ్మ. పెళ్ళాం గంట ఖాళీగా ఉంటే గొలుసులో బలం ఉండదని కబురు మీద కబురు పెడితే, ఏంజెలిన్ ఈ పొద్దున బస్సెక్కి వచ్చి, నెత్తిన రెండు చెంబులు పోసుకుని, ఇలా వచ్చి కూర్చుంది. ఆమె తర్వాతి గంట మగ్దలీనమ్మదే. ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట మగ్దలీనమ్మకి ఇంకా తెలీదు.

నిన్న డాక్టరు ఏంజెలిన్‌నీ, మరిది సుబ్బునీ, కూతురు బిందునీ పక్కకి పిలిచాడు. మంచివాడే పాపం, కుర్చీలు కూడా వేయించాడు. మెదడు పోయిందమ్మా, ఊపిరి ఆయనది కాదు, మిషను కొడుతోంది, ఇంక రాదు, రెండుసార్లు పరీక్ష చేసి చూశాం, మిషను తీసేయమంటారో ఉంచమంటారో మీరంతా మాట్లాడుకుని రేపు సాయంత్రంలోగా చెప్పండి అన్నాడు. మాట్లాడుకోవడానికేముంది, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూశారు. దూరాన తడ ఊళ్ళో కంపెనీ పనికి పోయే పిల్ల, ఇరవై నిండలేదు, యూనిఫాం మీదనే పరిగెత్తుకొచ్చింది బిందు, "నువ్వేం జెప్తే అదే మా" అని తల్లి భుజంలో మొహం దాచుకుంది. సుబ్బు అయితే, "నువ్వు చెప్పు వదినా, నువ్వెట్ట జెప్తే అట్ట. అమ్మకు మాత్రం నేను చెప్పలేను. నా వల్ల కాదు" అని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. అలా ఆ మాట చుట్టూ తిరిగి ఏంజెలిన్ ఒళ్ళో వచ్చి పడింది. ఇప్పుడు ఆమె సుబ్బుకి ఫోను చేసి ఒక్క ముక్క చెప్పాలి. అంతకుముందు అత్తకి చెప్పాలి. వీటికంతటికీ ముందు ఈ గంటసేపు, లేపినందుకు స్తోత్రం చెల్లించాలి. ఎవరైనా వింటే నవ్విపోతారు.

కళ్ళు మూస్తే ఆసుపత్రి, తెరిస్తే ఫ్లెక్సీ. వాక్యం చెప్పే బల్ల పక్కన గోడకి చేరవేసి ఉంది, కర్రలతో సహా. మరణ పడక నుండి ఆనందబాబును లేపిన దేవునికి కృతజ్ఞత కూటం, ఈ ఆదివారం, అందరూ ఆహ్వానితులే, ప్రేమ విందు కలదు. మగ్దలీనమ్మ కోట టౌనుకి పోయి అచ్చు వేయించుకొచ్చింది. విశ్వాసమంటే అట్టుండాల అని సంఘమంతా మెచ్చుకుంది. వంటకి పొయ్యిరాళ్ళు కూడా తెచ్చి పెరట్లో పడేశారు. ఇక ఆ ఫోటో సంగతి చూడు! ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫోజు కొట్టిన ఫోటో అది. దేవుని కూటానికి నల్ల కళ్ళద్దాలేంది అని ఫ్లెక్సీ కొట్టువాడు కంప్యూటర్లో అద్దాలు తీసేసి వేరే ఎవరివో కళ్ళు అతికించాడు. ముక్కు ఆనందబాబుది, మీసం ఆనందబాబుది, ఆ పక్కకి వంకరపోయే నవ్వు అచ్చం ఆనందబాబుది, కళ్ళు మాత్రం ఏ ఊరివాడివో. ఆ కళ్ళు వచ్చినప్పటినుంచీ ఏంజెలిన్‌నే చూస్తున్నాయి. ఆయనే చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు, ఇదేందే ఏంజీ, నా కళ్ళు మీ అమ్మోళ్ళ పోలిక వచ్చేసినాయా అనేవాడు. ఆ మాట చెవిలో వినపడగానే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు భయమేసింది. దేవుని సన్నిధిలో, మొగుడక్కడ అలా పడుండగా నవ్వేమిటి, నీకేమైనా పిచ్చి పట్టిందా అని తన్ను తనే తిట్టుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

చెడు తలంపు వస్తే గద్దించాలని పాస్టరమ్మ నేర్పింది. యేసు నామంలో పో అనాలి, గట్టిగా, కుక్కను అదిలించినట్టు. పో, అంది ఏంజెలిన్. గుమ్మంలో వాలిన కాకి ఎగిరిపోయింది గానీ తలంపు ఎక్కడికీ పోలేదు. అది ఆమెతోపాటు ఆ చాప మీదే మోకరించి ఉంది. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు ఉంటాయి, వాటి మోటార్లు బాగుచేయడం ఆనందబాబు పని. ఆ పొద్దున తెల్లారీ తెల్లారకముందే ఫోను వచ్చింది, చక్రాలు ఆగిపోయినాయి, గాలందక రొయ్య పైకి తేలుతా ఉంది, పరిగెత్తుకోని రాన్నా అని. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే పోయాడు. టీ అయినా తాగి పొమ్మంటే వచ్చి తాగుతాలే అన్నాడు. తడిసిన వైరేదో కొట్టింది, గుంటలో పడ్డాడు. రొయ్యకి ఊపిరందడం లేదని పరిగెత్తిన మనిషి, ఊపిరి లేకుండా ఆ బురద నీళ్ళ అడుగున ఎంతసేపున్నాడో ఎవరికీ తెలీదు. మేత బస్తాల వ్యాను తోలే మదార్ అటుగా వచ్చి, తేలుతున్న తువ్వాలు చూసి, కరెంటు కట్టేసి దూకి పైకి లాగాడు. గట్టు మీద పడుకోబెట్టి గుండెల మీద నొక్కి నొక్కి, అల్లా అల్లా అని అరుస్తూ నొక్కి, ఆగిన గుండెని మళ్ళీ కొట్టించాడు. దాన్ని చూసే ఊరంతా అద్భుతం అంది. దాన్ని నమ్మే మగ్దలీనమ్మ ఫ్లెక్సీ వేయించింది. మదార్ ఆసుపత్రికి వచ్చి, "వదినా, దారిలో బండాపి టీ తాగినా. ఆ టీ తాగకుండా వచ్చుంటే అన్న బాగుండేవాడు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏంజెలిన్ అతన్ని ఓదార్చింది. ఓదారుస్తూనే లోపల ఏమనుకుందో ఆ మదార్‌కి తెలీదు. ఇంకో టీ కూడా తాగి రావాల్సింది నాయనా అనుకుంది. అన్నీ ఆ రోజే అయిపోయేవి, నా నోటితో చెప్పాల్సిన గతి పట్టకుండా పోయేది అనుకుంది. ఛీ, ఏం మనిషిని నేను! మొగుణ్ణి నీళ్ళలోంచి తీసినవాణ్ణి పట్టుకుని అలా అనుకునే ఆడది ఉంటుందా? ఉంది, ఇదిగో ఇక్కడే ఉంది.

ఇక దేవుడి మీదికి పోయింది మనసు. ఒక్క ముక్క చెప్పు తండ్రీ, గుండెని కొట్టించినవాడివి మెదడు దగ్గరికొచ్చేసరికి ఎందుకు చేతులు ముడుచుకున్నావు? సగం పని చేసి వదిలేసే మేస్త్రీని మేం ఇంకోసారి పనికి పిలవం. తిట్టేసింది, నోటితోనే, పైకే తిట్టేసింది. రేకులు టపటపమన్నాయి. చెరువుల అవతల సముద్రం తన మానాన తను ఘోష పెడుతోంది. ఇంకేమీ కాలేదు. పిడుగూ పడలేదు, జవాబూ రాలేదు. పోనీ ప్రార్థన పుస్తకంలో మాటలైనా గుర్తొస్తాయా అంటే అవీ రాలేదు. చిన్నప్పటినుంచీ నోటికొచ్చినవన్నీ ఎవరో తుడిచేసినట్టు పోయాయి. ఏంజెలిన్ అలిసిపోయి మోకాళ్ళ మీదనుంచి పక్కకి వాలి, ఒక చెయ్యి నేల మీద ఆనించుకుని కూర్చుంది. ఆకలేసింది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది, నిన్న మధ్యాహ్నం బన్ను తిన్నాక ఏమీ తినలేదు.

ఆకలితోపాటు అన్నం ముందు ఆనందబాబు చేసే ప్రార్థన గుర్తొచ్చింది. అదొక ప్రార్థనా! పెళ్ళయిన కొత్తలో ఆమెకి సిగ్గేసేది. ఆయన కంచం ముందు కూర్చుని, కళ్ళు మూయకుండా, కంచంలోకి చూస్తూ చెప్పేవాడు. "తండ్రీ, నెత్తళ్ళ చేపలు దొరికినందుకు స్తోత్రం. మామిడికాయ పుల్లగా ఉన్నందుకు స్తోత్రం. మా ఏంజీ ఈ పూట ఉప్పు మర్చిపోనందుకు మరీ స్తోత్రం." ఏందయ్యా ఈ ఎకసెక్కాలు, దేవుడు వింటే ఏమనుకుంటాడు అని ఆమె గదిమితే, లేనిదానికి ఎట్ట చెప్పేది, ఆయనకు అబద్ధాలంటే చేదు, ఉండేదానికే చెప్పాల అనేవాడు. పులుసు లేని రోజు గంజికి చెప్పేవాడు, ఉల్లిపాయకి విడిగా చెప్పేవాడు. కోడి కూర అడిగి ఒక్కరోజూ ప్రార్థన చేయలేదు. మగ్దలీనమ్మ మూతి తిప్పుకునేది, వీడికి విశ్వాసం తక్కువ, పెద్దవి అడగడు అని.

ఏంజెలిన్ అలా వాలి కూర్చునే, కళ్ళు మూయకుండానే, నెత్తళ్ళకి స్తోత్రం అంది. మాట వచ్చింది! గొంతు పగిలి బొంగురుగా వచ్చింది గానీ వచ్చింది. మామిడికాయకి స్తోత్రం. ఇంటికొచ్చేటప్పటి ఆ గ్రీజు వాసనకి, రొయ్యల మేత వాసనకి, ఎన్ని సబ్బులు అరగదీసినా పోని ఆ వాసనకి స్తోత్రం. చిట్టమూరులో బస్సు తప్పిపోతే బిందును భుజాల మీద ఎక్కించుకుని, పాటలు పాడుతూ, శ్రుతి లేకుండా, రాగం లేకుండా, ఊరి కుక్కలన్నీ వెంటపడేటట్టు పాడుతూ నడిపించుకొచ్చిన ఆ సాయంత్రానికి స్తోత్రం. రెండో కాన్పు పోయినప్పుడు, ఆయన ఒక్క మాటా అనకుండా ఇంటి వెనక కూర్చుని నా గుడ్డలు తనే ఉతికాడు, ఏ మగాడు ఉతుకుతాడు, దానికి స్తోత్రం. తాగొచ్చిన రాత్రులున్నాయి, వాటికి చెప్పను, తెల్లారి మొహం చెల్లక నా వెనకాలే తిరుగుతూ నీళ్ళ బిందెలు మోసిన పొద్దులకి చెప్తా. నన్ను ఏంజీ అన్నందుకు, ఇంకెవరూ అలా పిలవలేదు, ఇంకెవరూ పిలవరు, దానికి స్తోత్రం. మదార్ చేతులకి స్తోత్రం. ఆ చేతుల వల్లే గదా బిందు తడనుంచి వచ్చేసరికి తండ్రి చెయ్యి వెచ్చగా ఉంది, ఆ వెచ్చటి చేతిని పట్టుకుని పిల్ల ఏడ్చుకోగలిగింది, నేననుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నా తండ్రీ, ఆ మదార్‌ని చల్లగా చూడు. అడగకూడదు కదా, అడిగేసింది. మదార్ కోసం అడిగితే ఏమవుతుందిలే.

చెబుతూ చెబుతూ ఉంటే కన్నీళ్ళు ముక్కులోకి, నోట్లోకి వస్తున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఒకటి చెబితే దాని వెనక ఇంకోటి వచ్చి నిలబడుతోంది. ఎంత చెప్పినా అన్నీ అయిపోయినవే. ఇక మీదట వచ్చేది ఒక్కటీ లేదు. నిన్నటిదాకా ఆ మాట మనసులోకి రాబోతే రెండు చేతులా తలుపు అడ్డం పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇప్పుడు పట్టుకునే ఓపిక లేదు, అది వచ్చి లోపల కూర్చుంది. ఆయన పోయాడు. నిన్న డాక్టరు చెప్పకముందే తెలుసు, మొగుడి కనురెప్ప తను ఎత్తి లోపలికి చూసినప్పుడే తెలుసు. ఆ కళ్ళు ఆయనవే, ఆయన మాత్రం వాటిలో లేడు. ఇన్ని రోజులూ పో పో అని గద్దించింది చెడు తలంపుని కాదు, నిజాన్నే. ఆ మాట ఒప్పుకున్నాక గుండె తేలికపడిందా అంటే పడలేదు. రాయి రాయిలాగే ఉంది. కానీ లోపలి గోల ఆగింది. ఎంత గోల, వారం రోజులుగా సంతలో నిలబెట్టినట్టు! అది ఆగేసరికి ఫ్యాను చప్పుడు వినపడింది, ఎక్కడో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినపడింది. శాంతి అని కూటాల్లో చెబుతారే, అందరూ చేతులెత్తి ఊగుతారే, అది ఇదేనేమో తెలీదు. ఇదే అయితే ఇందులో సంతోషం లేదు. మోయగలననే ధైర్యం మాత్రం ఆవగింజంత ఉంది. ఏంజెలిన్ సంచిలోంచి ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. సుబ్బు పేరు మీదికి వేలు పోయింది గానీ నొక్కలేదు, ముందు అత్తకి చెప్పాలి.

మగ్దలీనమ్మ తన గంటకి ముందే వచ్చింది. తలారా స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, చెప్పులు గుమ్మంలో విడిచి. మూడు రోజులుగా ఉపవాసం, పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, గోడ పట్టుకుని వచ్చింది. నడిరోడ్డు మీద ఎండుచేపల గంప దించి నలుగురితో నాలుగు గంటలు పోట్లాడగల మనిషి, ఈ వారంలో సగమైపోయింది.

"లేమే, నాకియ్యి. అన్నం తినిపో, కుండలో ఉంది" అంది.

"అత్తా, కూర్చో. నీకొకటి చెప్పాల."

"గొలుసు తెగతాది. చెప్పేది ఏందో తరవాత చెప్పు."

"తెగితే తెగనీ అత్తా. కూర్చో."

అలా ఎదురు మాట్లాడిన కోడలు కాదు ఏంజెలిన్. ముసలామె నిలబడే ఉంది, ఆమె మొహంలోకి చూసింది, ఆ తడిసిన చెంపల్ని చూసింది. ఏంజెలిన్ చెప్పింది. ముందు ఎలా చెప్పాలో ఎంత ఆలోచించుకుందో, అవేవీ నోటికి రాలేదు. "డాక్టరు నిన్ననే చెప్పినాడు. మెదడు పొయ్యిందంట. ఆ మిషనే ఊపిరి కొడతా ఉందంట, తీస్తే లేదు. నేనూ చూసినా అత్తా, కళ్ళు తెరిచి చూసినా. లోపల ఆయన లేడు. తీసెయ్యమని సుబ్బుకు చెప్పాల ఈ సాయంత్రం లోపల. నీకు చెప్పకుండా ఆ మాట నేను అనలేను."

అవిశ్వాసీ అని అరుస్తుందనుకుంది. జుట్టు పట్టుకున్నా పట్టుకుంటుందనుకుంది, దానికీ సిద్ధపడింది. మగ్దలీనమ్మ అరవలేదు. చెయ్యి గాల్లో వెతుక్కుని కోడలి భుజం పట్టుకుంది, మెల్లగా చాప మీదికి దిగింది, మోకాళ్ళు రెండూ కటకటమన్నాయి.

"మొన్న చూసొచ్చినప్పుడు వాడి అరికాలు గీరినా," అంది. "చిన్నప్పుడు ఆడ గీరితే ఇల్లెగిరిపొయ్యేటట్టు నవ్వేవాడు. కదల్లా." చీర చెంగు నోట్లో కుక్కుకుంది, తీసింది. "ఇప్పుడే చేస్తావా ఫోను?"

"సాయంత్రంలోగా చెప్పాల."

"అయితే నా గంట కానీ. ఇది నాది గదా. అయిపోయినాక చెయ్యి."

ఏంజెలిన్ తల ఊపింది. మగ్దలీనమ్మ ముసుగు లాక్కుని, రెండు చేతులూ జోడించి, చిన్న గొంతుతో మొదలుపెట్టింది. లేపినందుకు అనలేదు. "అయ్యా, అడ్డం తిరిగిన బిడ్డ. మంత్రసాని ఇద్దర్లో ఒకరే అనింది. ఇద్దర్నీ ఇచ్చినావు, స్తోత్రం. పుట్టి ఏడవలేదు, నువ్వే ఏడిపించినావు, స్తోత్రం. నా పాలు సాలకపోతే..."

ఒళ్ళో ఫోను మోగింది. సుబ్బు. ముసలామె కళ్ళు తెరవలేదు, గొంతు ఆపలేదు. ఏంజెలిన్ ఫోను చెవికి పెట్టుకుని కొంచెం పక్కకి తిరిగింది.

"వదినా, అమ్మకు చెప్పినావా? ఈడ డాక్టరు అడగతా ఉండాడు. ఏమని చెప్పేది?"

"చెప్పినా సుబ్బూ. ఒక్క గంట ఆగమను," అంది ఏంజెలిన్. "మీ అమ్మ ఇంకా మీ అన్నకు పాలిస్తా ఉంది."